పాఠం చెప్పే నర్సమ్మ

నర్సింగులో ఎమ్మెస్సీ చేసినవాళ్లు వార్డు వదిలి కాలేజీకి వెళ్లిపోవడం మన దగ్గర ఎంత మామూలైపోయిందంటే, దాన్ని ఎవరూ నష్టం కింద లెక్కపెట్టడం లేదు. పైగా ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. నైట్ డ్యూటీలు తప్పాయి, పండగపూట ఇంటిపట్టున ఉండొచ్చు, యూనిఫాం పోయి చీర మీద తెల్లకోటు వచ్చింది, నిన్నటిదాకా ‘సిస్టర్’ అని పిలిచినవాళ్లు ‘మేడమ్’ అంటున్నారు. ఆ సంతోషాన్ని తప్పుపట్టలేం. ఏళ్ల తరబడి రాత్రులు మేలుకున్న మనిషికి కాస్త నిద్ర దొరికితే మంచిదే కదా. అయితే ఆమెతో పాటు ఆ వార్డు నుంచి ఇంకొకటి కూడా వెళ్లిపోతుంది. ఏ రోగి ముఖం చూసి ఎప్పుడు కంగారుపడాలో, ఎప్పుడు పడక్కర్లేదో ఆమెకు తెలుసు. ఆ తెలివిడి కాలేజీలో అక్కరకు రాదు, బోర్డు మీద రాయడానికి లొంగదు. రెండేళ్లు గడిస్తే తనకే మరపున పడుతుంది.

వార్డులో మిగిలిపోయిన సీనియర్ సిస్టర్ సంగతి మరోలా ఉంటుంది. చెప్పడానికి ఆమె దగ్గర బోలెడంత ఉంది. పోస్టింగుకి వచ్చిన పిల్లలు ఆమె చుట్టూనే తిరుగుతారు. కానీ చెప్పే తీరిక లేదు. తీరిక చేసుకుని చెప్పినా అది ఆమె పనిలో భాగమని ఏ కాగితం మీదా ఉండదు. ‘మీ మేడమ్‌ని అడగండమ్మా’ అని పంపేస్తుంది. ఆ మేడమ్ వార్డులో చేయిపెట్టి ఎన్నాళ్లైందో పిల్లలకు తెలుసు.

నర్సుగా ఉంటూనే పాఠం చెప్పాలని, పాఠం చెబుతూనే రోగి దగ్గర ఉండాలని కోరుకునే వాళ్లు ప్రతి ఆస్పత్రిలోనూ కొందరుంటారు. ఏదో ఒకటి తేల్చుకోమని వాళ్లను నిలదీయకుండా, రెండూ చేసే వీలు కల్పించాల్సిన బాధ్యత వ్యవస్థది. ఇది కొందరి ఉద్యోగ సౌకర్యం గురించిన మాట కాదు. రేపు మన అమ్మకో నాన్నకో ఇంజెక్షన్ చేసే అమ్మాయి ఎవరి దగ్గర నేర్చుకుని వచ్చిందన్న ప్రశ్న ఇందులో ఉంది.

ఈమధ్య ఒక జిల్లా ఆస్పత్రి మెడికల్ వార్డులో ఓ దృశ్యం చూశాను. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దాయన మంచం మీద ఉన్నాడు. భార్య కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. నర్సింగ్ విద్యార్థినులు నలుగురు వచ్చారు, వెంట వాళ్ల ట్యూటరమ్మ. ఆమె తెల్లకోటు విప్పి ఒక పిల్ల చేతికిచ్చింది. చేతులు కడుక్కుని మంచం దగ్గరికెళ్లి, ముందు పెద్దాయన ముఖానికి దగ్గరగా వంగి, ‘తాతా, నేను సిస్టర్‌ని. నిన్ను ఎడమ పక్కకి తిప్పుతున్నాం, సరేనా’ అంది. ఆయన నుంచి ఉలుకూ పలుకూ లేదు. అయినా జవాబు కోసం ఆగినట్టే ఓ క్షణం ఆగింది. తర్వాత దుప్పటి అంచు ఎలా పట్టుకోవాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో చూపించి, అందరూ కలిసి ఆయన్ని లాగకుండా ఎత్తి తిప్పారు. నడుము కింది భాగం, తుంటి ఎముకలు, మడమలు ఒక్కొక్కటీ చూసింది. ఒక మడమ దగ్గర ఆగి, ఒక్కో పిల్లనీ చేయి పెట్టి చూడమంది.

‘పుస్తకంలో ఏముంది?’ అని అడిగింది. ‘ఎర్రబడుతుంది మేడమ్, వేలితో నొక్కితే తెల్లబడదు’ అన్నారు పిల్లలు. ‘ఈయన రంగు చూశారా? చామనచాయ ఒంటి మీద ఆ ఎరుపు మీకు కనబడదు. కనబడే దాకా ఆగితే పుండు పడిపోతుంది. అందుకే చేతి వెనక వైపుతో తాకండి. చుట్టూ ఉన్న చర్మం కంటే ఇక్కడ వేడిగా ఉందా? గట్టిగా ఉందా, మెత్తబడిందా?’ అని ఒక్కొక్కరి చేతా తాకించింది. చివరికి ముసలమ్మ వైపు తిరిగి, ‘పెద్దమ్మా, రెండు గంటలకోసారి ఇట్లా పక్క మార్చాలి. నువ్వొక్కదానివీ చెయ్యలేవు, మమ్మల్ని పిలువు. మడమ మాత్రం పరుపుకి ఆనకుండా చూసుకో’ అని, పిక్క కింద దిండు ఎక్కడ పెట్టాలో ఆమె చేతనే పెట్టించింది.

ఆ ట్యూటరమ్మ కాసేపట్లో చెప్పిన పాఠంలో ఎన్ని ఉన్నాయో చూడండి. మంచపుండ్లు ఎలా మొదలవుతాయన్నది అందులో ఒకటి మాత్రమే. తెల్లని చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని రాసిన వర్ణనను మన ఒంటి మీద ఎలా చదువుకోవాలో చెప్పింది. జవాబు చెప్పలేని మనిషిని కూడా అడిగే ముట్టుకోవాలని చూపించింది. ఇంటి మనిషిని వైద్యంలో భాగం చేసుకోవడం చూపించింది. వీటిలో సగం ఆమె నోటితో చెప్పనేలేదు. కాసేపయ్యాక పక్క మంచం దగ్గర ఆ నలుగురిలో ఒక అమ్మాయి స్పృహలో లేని రోగి చెవి దగ్గర వంగి తన పేరు చెప్పుకోవడం కనిపించింది. ఇలాంటిది డెమాన్‌స్ట్రేషన్ రూములో బొమ్మ మీద నేర్పడం కష్టం. బొమ్మ ఒళ్లు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది, దాని పక్కన భార్య కూర్చుని ఉండదు.

ఇంకో ఉదాహరణ చూద్దాం. మన దేశంలో సీసాలో వచ్చే మామూలు ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్రమూత సిరంజి వాడాలి. పెన్నుల్లో వేసే కార్ట్రిడ్జిలు, గ్లార్జిన్ లాంటి కొన్ని సీసాలు 100 యూనిట్లవి. వాటి సిరంజికి నారింజ రంగు మూత ఉంటుంది. విద్యార్థులు చదివే విదేశీ పుస్తకాల్లో దాదాపుగా 100 యూనిట్ల ముచ్చటే ఉంటుంది. ఇప్పుడు వార్డులో రెండు రకాల సిరంజిలూ ఒకే ట్రేలో కలిసిపోయాయనుకోండి. 100 యూనిట్ల మందును ఎర్రమూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే రోగి ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. షుగర్ అమాంతం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. 40 యూనిట్ల మందును నారింజమూత సిరంజిలో అదే 20 గీత దాకా తీస్తే వెళ్లేది 8 యూనిట్లే. షుగర్ ఎందుకు దిగడం లేదో ఎవరికీ అంతుపట్టదు, డాక్టరు మోతాదు పెంచుతూ పోతాడు. లెక్క చిన్నదే, మూడో తరగతి పిల్లలూ వేయగలరు. కానీ ఈ పొరపాటు జరిగే వీలుందని తెలియాలంటే అలాంటి ట్రేని కళ్లతో చూసి ఉండాలి. వారంలో కొన్ని పూటలు ఆ ట్రే పట్టుకుని తిరిగే టీచరు ఈ పాఠాన్ని మొదటి నెలలోనే చెబుతుంది. ఆ ట్రేకి దూరమైన టీచరు ఇన్సులిన్ రకాల పట్టికను ఎంత చక్కగా చెప్పినా, ఈ మాట దగ్గరికి రావాలని తోచకపోవచ్చు.

మేలు విద్యార్థికి మాత్రమే అనుకుంటే సగమే చూసినట్టు. పాఠం చెప్పడం వల్ల నర్సుకూ మేలుంది. ప్యాట్రీషియా బెన్నర్ అనే అమెరికన్ నర్సు 1984లో వెలువరించిన పుస్తకంలో, కొత్తగా చేరిన నర్సు నిపుణురాలు అయ్యే దాకా ఎన్ని మెట్లు ఎక్కుతుందో వివరించారు. కొత్త పిల్ల నియమాలు వల్లె వేసుకుంటూ పనిచేస్తుంది. ఏళ్లు గడిచిన నర్సు పరిస్థితిని మొత్తంగా ఒక్కచూపులో పట్టుకుంటుంది. నియమం గుర్తు చేసుకోవాల్సిన పనే ఆమెకుండదు. ఇక్కడే ఓ చిక్కు ఉంది. తనకెలా తెలిసిందో నిపుణురాలు తరచూ చెప్పలేదు. ‘ఎందుకో ఈ రోగి తీరు నాకు నచ్చలేదు డాక్టర్’ అంటుంది, అంతే. అనుభవం లేని డాక్టరైతే ఆ మాట కొట్టిపారేస్తాడు. విద్యార్థి పక్కనుండి ‘ఎందుకు సిస్టర్?’ అని అడిగితే మాత్రం ఆమె తనను తాను వెతుక్కోవాలి. ఊపిరి వేగం పెరిగింది, ఇందాకటి కంటే చేతులు చల్లబడ్డాయి, పిలిస్తే పలికేందుకు ఆలస్యమవుతోంది, మూత్రం సంచి రెండు గంటలుగా నిండలేదు. అలా విడమరిచి చెప్పడం వచ్చిన నర్సు డాక్టరు ముందు కూడా గట్టిగా నిలబడగలుగుతుంది. ఆమెను కొట్టిపారేయడం అంత తేలిక కాదు.

చరిత్ర చూస్తే ఈ రెండు పనులూ మొదట్లో ఒక్కచోటే ఉండేవి. 1860 జులై 9న లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట శిక్షణాలయం తెరిచినప్పుడు దాన్ని నడిపింది ఆ ఆస్పత్రి మేట్రన్ సారా వార్డ్‌రోపరే. ఆస్పత్రిలో నర్సుల పెద్ద ఆమె, బడికి పెద్దా ఆమే. శిక్షణకు వచ్చినవాళ్లు వార్డు సిస్టర్ల చేతికింద పనిచేస్తూ నేర్చుకునేవారు. ఆ నమూనాయే దేశదేశాలకూ పాకింది, మన దగ్గరికీ వచ్చింది.

ఆ కలయిక చూడ్డానికి బాగున్నా దానిలో ఓ అన్యాయం దాగి ఉంది. విద్యార్థి అంటే ఆస్పత్రికి చవగ్గా దొరికిన పనిమనిషి అయిపోయింది. మంచాలు దులపడం, బెడ్‌పాన్లు కడగడం, రాత్రి డ్యూటీలకు తక్కువ పడ్డ చేతులు నింపడం... వీటి మధ్య చదువు ఎక్కడో మిగిలిన సమయంలో జరిగేది. అమెరికాలో 1923లో వచ్చిన గోల్డ్‌మార్క్ నివేదిక ఈ విషయాన్ని నిలదీసింది. నర్సింగ్ చదువు ఆస్పత్రి అవసరాలకు తాకట్టు పడకూడదని, దానికి తనదైన కాలేజీ, తనదైన నిధులు, చదువుకున్న టీచర్లు ఉండాలని వాదించింది. అదే ఏడాది యేల్ విశ్వవిద్యాలయంలో నర్సింగ్ స్కూలు తెరిచారు. ఇక మన దేశంలో, ఆరోగ్య సేవలపై 1946లో భోర్ కమిటీ నివేదిక వచ్చేనాటికి 43 వేల మందికి ఒక్క నర్సు ఉండేది. అదే 1946లో వేలూరులోనూ ఢిల్లీలోనూ బీఎస్సీ నర్సింగ్ మొదలైంది. నర్సింగుకు డిగ్రీ, ఆ తర్వాత పీజీ, పీహెచ్‌డీ రావడం వెనక కాలేజీ ఆస్పత్రి నుంచి వేరుపడటం ఉంది. దాన్ని చిన్నచూపు చూడకూడదు. ఆ వేరుపాటు వల్లే ఎందరో పేదింటి అమ్మాయిలు ప్రొఫెసర్లు కాగలిగారు.

కాబట్టి ఇప్పుడు పాతకాలానికి తిరిగి వెళదామని ఎవరూ అనడం లేదు. వేరుపడిన రెంటినీ గౌరవం పోకుండా మళ్లీ కలపాలన్నది ఆలోచన. దీన్ని చేసి చూపినవాళ్లున్నారు. 1965లో కొలరాడోలో హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరుతో కలిసి మొట్టమొదటి నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు పెట్టిన లొరెటా ఫోర్డ్, 1972లో రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. నర్సింగ్ స్కూలుకు డీన్‌గా ఉంటూనే అక్కడి ఆస్పత్రి నర్సింగ్ విభాగం బాధ్యతా చేపట్టారు. సేవ, చదువు, పరిశోధన ఒకే గొడుగు కింద ఉండాలని పట్టుబట్టారు. చికాగోలో లూథర్ క్రిస్ట్‌మన్ కూడా రష్ విశ్వవిద్యాలయంలో ఇదే బాట పట్టారు. బ్రిటన్‌లో లెక్చరర్ ప్రాక్టీషనర్ అనే ఉద్యోగాలనే సృష్టించారు. అంటే జీతం కాగితం మీదే రెండు పనులూ రాసి ఉంటాయి.

అంత దూరం వెళ్లకపోయినా, చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో వేలూరు ఉంది. రాయలసీమలో పెద్ద జబ్బు చేసిన వాళ్లకు ‘వేలూరు తీసుకెళ్లండి’ అన్న మాట తరాలుగా అలవాటే. ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆ వైద్యశాలలో 1909లోనే నర్సింగ్ బడి వచ్చింది. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో నర్సింగ్ చదువునూ నర్సింగ్ సేవనూ విడదీయకుండా నడుపుతారు. కాలేజీలో పాఠం చెప్పేవాళ్లకు వార్డుల్లో నర్సింగ్ బాధ్యతా ఉంటుంది. తరగతిలో చెప్పిన పద్ధతి వార్డులో జరగకపోతే ‘అది ఆస్పత్రి వాళ్ల తప్పు’ అని తప్పుకోవడానికి అక్కడి టీచరుకు వీలుండదు. ఆ వార్డు కూడా తనదే. ఆ పద్ధతి సాధ్యపడనిదైతే పాఠం మార్చుకోవాలి, సాధ్యపడేదైతే వార్డు మార్చాలి. ఏది చేయాలన్నా ఆమె చేతిలో పని.

మన తెలుగునేల మీద ఇలాంటి ప్రయత్నం ఒకటి ప్రసూతి వార్డుల్లో జరిగింది. తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క తేల్చింది. ఆ ధోరణి ముదురుతున్న రోజుల్లోనే, 2017లో కరీంనగర్‌లో ప్రభుత్వం హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ సంస్థతో, యూనిసెఫ్‌తో కలిసి నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ పెట్టింది. 2018 డిసెంబరులో కేంద్రం మిడ్‌వైఫరీ సేవలకు జాతీయ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఇందులో గమనించాల్సింది శిక్షణ తీరు. కాన్పు నేర్పే ఎడ్యుకేటరు కాన్పులు చేసే మనిషై ఉండాలి. నొప్పులు పడుతున్న అమ్మాయిని మంచానికి కట్టేసినట్టు పడుకోబెట్టకుండా నడవనివ్వడం, నడుం రాయడం, తనకు తోచిన భంగిమలో కూర్చోనివ్వడం, కేకలు వేయకుండా ధైర్యం చెప్పడం... ఇవన్నీ చూసి నేర్చుకోవాల్సినవి. ఇరవయ్యేళ్లుగా అరిచి కాన్పు చేయించడం అలవాటైన లేబర్ రూములో, ‘అరవద్దు’ అని పాఠం చెబితే ఎవరూ మారరు. అరవకుండా కాన్పు చేసి చూపించిన వాళ్లను చూసి మారతారు.

ఇన్ని మాటలు చెప్పుకుంటున్నప్పుడు అసలు భయాన్ని దాచకూడదు. ‘రెండు పనులూ’ అన్న మాట వినగానే మన సంస్థల్లో చాలామంది యజమానులకు తోచేది ఒకటే: ఒక జీతానికి ఇద్దరి పని. పొద్దున్నే వార్డు రౌండు, పదింటికి క్లాసు, మధ్యాహ్నం ప్రాక్టికల్ రికార్డులు దిద్దడం, సాయంత్రం ఎవరో రాలేదని వార్డుకి పరుగు. అలాంటిది కలయిక కాదు, దోపిడీ. పైగా నర్సుల్లో అత్యధికులు ఆడవాళ్లు. ఆస్పత్రి డ్యూటీ దిగాక ఇంట్లో మూడో డ్యూటీ వాళ్ల కోసం ఎదురుచూస్తుంటుంది. చంటిపిల్లల తల్లికి కాలేజీ ఉద్యోగం ఊరట అయితే, ఆ ఊరటను ఆదర్శం పేరుతో లాక్కోవడం తగదు. వార్డు వద్దనుకునే టీచర్లుంటారు, పాఠం చెప్పడం ఇష్టం లేని మంచి నర్సులుంటారు. వాళ్లను వాళ్ల మానాన ఉండనివ్వాలి. మన బాధ రెండూ కావాలనుకుని ఏదీ పూర్తిగా దక్కని వాళ్ల గురించి.

వాళ్లకు ఎదురయ్యే అడ్డంకులు మనసుకు సంబంధించినవి కావు, కాగితాలకు సంబంధించినవి. ప్రభుత్వంలో ఆస్పత్రి నర్సు ఒక వరసలో, కాలేజీ టీచరు మరో వరసలో ఎదుగుతారు. ఒక వరస నుంచి ఇంకో వరసలోకి దూకితే సీనియారిటీ ఏమవుతుందో అన్న దిగులు. ప్రైవేటులో మరీ ఘోరం. ఎన్నో ప్రైవేటు కాలేజీలకు సొంత ఆస్పత్రి పేరుకే ఉంటుంది. పిల్లల్ని బస్సెక్కించి ఎక్కడో ఉన్న ప్రభుత్వాసుపత్రికి పంపుతారు. ఒకే వార్డులో మూడు కాలేజీల పిల్లలు గుమిగూడతారు. అక్కడి సిస్టర్లకు ఈ పిల్లలు ఎవరో తెలియదు, వెంట వచ్చిన ట్యూటరుకు ఆ వార్డులో మందు ముట్టుకునే అధికారం లేదు. ఓ మూల నిలబడి హాజరు వేసుకుంటుంది. పది మంది విద్యార్థులకు ఒక టీచరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెబుతుంది. అంకె సరిపోవచ్చు. ఆ పది మంది ముందు ఒక్క రోగికైనా సేవ చేసే వీలు లేని టీచరు ఏం నేర్పగలదు?

విదేశాలకు వెళ్లాలనుకునే వాళ్లకు ఈ విభజన ఇంకోలా గుచ్చుకుంటుంది. గల్ఫ్ ఆస్పత్రులైనా, బ్రిటనైనా నర్సు ఉద్యోగానికి ముందు అడిగేది ఇటీవలి వార్డు అనుభవం. నాలుగేళ్లు ట్యూటరుగా చేసిన అమ్మాయి అక్కడ దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ నాలుగేళ్లనూ ఏ గడిలో రాయాలో తెలియక ఇబ్బంది పడుతుంది. ఇక్కడ పదోన్నతి అనుకున్నది అక్కడ ఖాళీ అయిపోతుంది. అందుకే తెలివైన పిల్లలు కొందరు టీచింగ్ వైపు చూడనే చూడరు. ప్రపంచంలో 59 లక్షల మంది నర్సుల కొరత ఉందని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినప్పుడు, నర్సుల్ని తయారుచేసే టీచర్లు ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్న కూడా ఆ అంకె వెనక ఉంది.

ఇప్పుడు ఈ విషయం మాట్లాడుకోవడానికి ఓ కారణముంది. 2014 తర్వాత వచ్చిన మెడికల్ కాలేజీల పక్కనే 157 కొత్త నర్సింగ్ కాలేజీలు పెట్టడానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఖర్చు 1,570 కోట్లు. అదే ఏడాది ఆగస్టులో 1947 నాటి పాత చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. కాలేజీ, ఆస్పత్రి ఒకే ప్రాంగణంలో ఉండేలా కడుతున్నప్పుడు, ఇటు వాళ్లు అటు, అటు వాళ్లు ఇటు వెళ్లడానికి గోడలో తలుపు మొదటే పెట్టుకోవచ్చు. తర్వాత గోడ పగలగొట్టడం కష్టం.

ఆ తలుపు ఎలా ఉండాలంటే... టీచరుకు వారంలో రెండు పూటలో మూడు పూటలో వార్డు డ్యూటీ రోస్టరులోనే ఉండాలి, ఆ పూటల్లో క్లాసులు వేయకూడదు. వార్డు కూడా నెలకోటి మారకూడదు. ఒకే వార్డులో ఏడాదైనా ఉంటేనే అక్కడి సిస్టర్లు ఆమెను తమ మనిషిగా చూస్తారు, అక్కడి అలమర తాళం ఎవరి దగ్గరుంటుందో ఆమెకు తెలుస్తుంది. అలాగే పాఠం చెప్పగలిగిన సీనియర్ సిస్టర్‌కు ఎమ్మెస్సీ లేదన్న కారణంతో బోధన హోదా నిరాకరించకూడదు. నాలుగైదుగురు విద్యార్థుల్ని ఆమెకు అప్పగించినప్పుడు ఆమె మంచాల సంఖ్య తగ్గించాలి. ఎన్ని మంచాలు తగ్గించారో చెప్పకుండా ‘ప్రిసెప్టర్’ (వార్డులో నేర్పే నర్సు) అని బ్యాడ్జి తగిలిస్తే ఆమెకు భారమే మిగులుతుంది. ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేసుకోవడానికి నర్సులు నిరంతర విద్య గంటలు పోగు చేసుకోవాలి. దానికోసం ఎక్కడో హోటల్లో జరిగే సదస్సుకి సెలవు పెట్టి వెళుతున్నారు. మంచం పక్కన విద్యార్థికి నేర్పిన గంటలకు కూడా అందులో చోటిస్తే బాగుంటుంది. నేర్పడాన్ని మించిన చదువు ఆ హోటల్లో దొరకదు.

జీతం సంగతి నాన్చకూడదు. రెండు పనులు చేసే మనిషికి రెండు జీతాలివ్వమని కాదు. రెండు పనుల గంటలూ కలిపి ఒక మనిషి గంటలకు మించకూడదు, ఆ గంటలకు రెండు వరసల్లో ఏది పెద్దదైతే ఆ స్కేలు ఇవ్వాలి, సీనియారిటీ రెండు వైపులా చెల్లాలి. దీనికి పెద్ద బడ్జెట్టేమీ అక్కర్లేదు. ఆరోగ్యశాఖలో ఆస్పత్రులు చూసే డైరెక్టరు, చదువులు చూసే డైరెక్టరు ఒక బల్ల దగ్గర కూర్చుంటే సగం పని అయిపోతుంది.

అంతదాకా ఆగలేని వాళ్లుంటారు. ముప్పై ఏళ్ల వయసులో, ఎమ్మెస్సీ సర్టిఫికెట్టు చేతిలో పెట్టుకుని, ఐసీయూలో ఉండాలా కాలేజీలో చేరాలా అని ఊగిసలాడుతున్న అమ్మాయిలూ అబ్బాయిలూ. వాళ్లకు చెప్పాల్సింది ఒక్కటుంది. చేరబోయే కాలేజీ మంచిదా కాదా అని ఆరా తీసేటప్పుడు జీతం, సెలవులతో పాటు ఇంకో మాట అడగండి: మీ ట్యూటర్లకు వార్డులో రోగిని ముట్టుకునే అనుమతి ఉందా? ఆస్పత్రిలో చేరేవాళ్లూ అలాగే అడగండి: పోస్టింగుకొచ్చే పిల్లలకు నేర్పడానికి నా డ్యూటీలో వేళ ఉంటుందా? ఉందంటే, ఎన్ని గంటలో నియామకపు ఉత్తర్వులో రాయించుకుని, దాని కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి.